పలకరింపు

తెలుగువారి ఇంటికి కొత్త మనిషి వస్తే ముందు మంచినీళ్ళు ఇస్తారు. ఆ వెంటనే ప్రశ్నలు మొదలవుతాయి. ఏ ఊరు? ఎవరి తాలూకు? ఇంటిపేరేమిటి? ఏ పని మీద వచ్చారు? సొంత గడ్డకు దూరంగా స్థిరపడిన కుటుంబాలలో ఈ అలవాటు మరీ గట్టిగా ఉంటుంది. ఇంటిపేరు చెవిన పడగానే నాలుగు తరాల వెనుకటి ఊరు పెద్దలకు గుర్తుకు వస్తుంది. అంతవరకు వాకిట్లో నిలబడిన మనిషి ఆ తరువాత చుట్టమై కూర్చుంటాడు.

కంప్యూటరుకు కూడా ఇటువంటి అలవాటే ఉన్నదని చాలామందికి తెలియదు. దాని పక్కనుండే సన్నని అరలో ఏ పరికరం తీగ గుచ్చినా అది మొదట ఇచ్చేది విద్యుత్తు. మంచినీళ్ళ వంటిదన్నమాట. తరువాత వివరాలు అడుగుతుంది. తయారుచేసిన సంస్థకు ఒక సంఖ్య ఉంటుంది, అది ఇంటిపేరు. ఆ సంస్థ ఆ వస్తువుకు పెట్టుకున్న సంఖ్య ఇంకొకటి, అది పేరు. నీ పని ఏమిటి, పాట వినిపించడమా, అక్షరాలు అచ్చువేయడమా, సమాచారం దాచడమా అని అడుగుతుంది. ఎంత విద్యుత్తు కావాలో కూడా అడుగుతుంది. ఈ మాటల నడుమనే 1 నుంచి 127 లోపల ఒక సంఖ్యను దానికి చిరునామాగా ఇస్తుంది. ఇదంతా మనిషి ఒకసారి ఊపిరి పీల్చి వదిలేలోగా జరిగిపోతుంది. జరిగినప్పుడు ఎవరూ గమనించరు. జరగనప్పుడే ఇంట్లో అందరూ కంప్యూటరు చుట్టూ మూగుతారు.

ఈ పద్ధతి మరీ పాతదేమీ కాదు. 1990 ప్రాంతంలో కంప్యూటరు వెనుక ఒక్కొక్క వస్తువుకు ఒక్కొక్క ఆకారంలో రంధ్రం ఉండేది. అచ్చుయంత్రానికి ఒకటి, మౌసుకు ఒకటి, టెలిఫోను తీగతో పనిచేసే మోడెముకు మరొకటి. కొత్త వస్తువు తగిలించిన ప్రతిసారీ కంప్యూటరును ఆపి మళ్ళీ నడపవలసి వచ్చేది. ఈ బాధ తప్పించాలని ఇంటెల్, ఐ.బి.ఎం., మైక్రోసాఫ్ట్ మొదలైన ఏడు సంస్థలు కలిసి పనిచేసి 1996 జనవరిలో యు.ఎస్.బి. అనే ఉమ్మడి పద్ధతిని వెలువరించాయి. ఇంటెల్‌లో ఈ పనికి ముందు నిలిచినవారిలో బరోడాలో చదువుకుని అమెరికా వెళ్ళిన అజయ్ భట్ ఒకరు. ఒకే ఆకారపు అర, ఒకే పలకరింపు, వచ్చినవారు ఎవరైనా సరే. ఆలోచన చక్కనిదే. కాని మొదట్లో అది ఎంత తడబడిందో లోకమంతా చూసింది. 1998 ఏప్రిల్ 20న షికాగోలో జరిగిన ప్రదర్శనలో, బిల్ గేట్స్ వేదిక మీద ఉండగానే, ఆయన సహచరుడు ఒక స్కానరును విండోస్ 98 నడుస్తున్న కంప్యూటరుకు తగిలించాడు. పేరు అడగవలసిన కంప్యూటరు తెరనంతా నీలంగా మార్చేసి ఆగిపోయింది. సభ గొల్లుమన్నది. ఇంకా దీనిని అమ్మకానికి పెట్టకపోవడానికి కారణం ఇదే కాబోలునని గేట్స్ సర్దుకున్నాడు. అంతటి సంస్థకే తప్పని ఇబ్బంది మామూలు ఇళ్ళకు తప్పుతుందా?

షోలాపూర్‌లో తెలుగు పద్మశాలీల కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. మగ్గాన్ని నమ్ముకుని తెలంగాణ పల్లెల నుండి వెళ్ళినవారు వారు. అటువంటి కుటుంబంలో పుట్టి, తెలుగు పంతులుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దాయన ఒకరి ఇంట్లో 11 క్యాసెట్లు ఉన్నాయి. 1986లో ఆయన చిన్న టేపురికార్డరు చంకన పెట్టుకుని వాడవాడకూ తిరిగి, నూలు పనిచేస్తూ ముసలమ్మలు పాడుకునే పాటలు పట్టుకున్నవి అవి. పాడిన వారిలో ఈనాడు ఎవరూ లేరు. ఒక క్యాసెట్టు బూజుపట్టి పోయింది. మరొకటి తెగింది. మిగిలిన వాటిలో ఆరింటిని పూణేలో ఉద్యోగం చేస్తున్న కొడుకు సెలవులలో వచ్చి కంప్యూటరులోకి ఎక్కించాడు. పెద్దాయన వాటిని వింటూ నోటుపుస్తకంలో పాటల మాటలు రాస్తున్నారు. తొమ్మిదో తరగతి చదివే మనుమరాలు పక్కన కూర్చుని సాయం చేస్తుంది.

ఆయన వద్ద ఉన్న హెడ్‌ఫోను పాతది. రేడియోలో పనిచేసిన మిత్రుడు ఒకరు ఇచ్చినది. బరువుగా ఉన్నా చెవులను బాగా కప్పుతుంది. చిక్కల్లా ఏమంటే అది 600 ఓముల నిరోధం గలది. ఈనాటి మామూలు హెడ్‌ఫోనులకు 32 ఓములు చాలు. కంప్యూటరు ఒకే వోల్టేజీ ఇచ్చినప్పుడు 600 ఓముల హెడ్‌ఫోనుకు అందే శక్తి, 32 ఓముల దానికి అందే శక్తిలో సుమారు 19వ వంతు మాత్రమే. అందువల్ల పాట దూరపు వీధిలో ఎవరో పాడుతున్నట్లు వినిపించేది. దానికి తోడు, కంప్యూటరు లోపలి చప్పుళ్ళు కూడా ఆ సన్నని పాటలో కలిసేవి. మౌసు కదిపితే చాలు, చెవిలో తుమ్మెద రొద. ఈ రెండు బాధలకూ మందు ఒక్కటే. పాటను అంకెల రూపంలోనే కంప్యూటరు నుండి బయటకు తెచ్చి, బయట ఒక చిన్న పెట్టెలో ధ్వనిగా మార్చి, అక్కడే బలం పెంచి హెడ్‌ఫోనుకు ఇవ్వాలి. ఆ పెట్టెనే హెడ్‌ఫోను యాంప్లిఫయరు అంటారు. అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్దదిగా ఉండే అటువంటి దానిని కొడుకు పూణే నుండి పంపాడు.

మనుమరాలు దానిని తగిలించింది. ఎర్రదీపం వెలిగింది. కంప్యూటరు మాత్రం ఉలకలేదు, పలకలేదు.

"ఏమాయె బిడ్డా?" అన్నారు పెద్దాయన.

"దీపమయితే వెలిగింది తాతా. కంప్యూటరు మాత్రం గుర్తించబడలేదు."

"గుర్తించబడలేదు ఏమిటి? గుర్తుపట్టలేదు అను" అన్నారాయన. భాష విషయంలో ఆయన పంతులుతనం ఎప్పటికీ పోదు.

దీపం వెలిగింది గనుక తీగ బాగానే ఉన్నదని ఆ పిల్ల అనుకున్నది. ఎవరైనా అలాగే అనుకుంటారు. కంప్యూటరును ఆపి మళ్ళీ నడిపింది. అర మార్చి చూసింది. సాయంత్రం కంప్యూటర్లు బాగుచేసే కుర్రవాడు ఒకడు వచ్చి, రెండు నిమిషాలు చూసి, "మొత్తం చెరిపేసి కొత్తగా విండోస్ ఎక్కించాలి" అని తేల్చేశాడు. చెరిపేయడమంటే ఆ ఆరు క్యాసెట్ల పాటలూ పోవడమే. పెద్దాయన అతనికి టీ ఇప్పించి సాగనంపారు. తెలియని జబ్బుకు పెద్ద మందు వేసే వైద్యులు అన్ని వృత్తులలోనూ ఉంటారు.

ఆ రాత్రి మనుమరాలు చేసిన మొదటి పని పాటలన్నింటినీ పెన్‌డ్రైవులోకి మరొక ప్రతి తీయడం. అది భయంతో చేసిన పనే కాని, దానివల్లనే దారి దొరికింది. యాంప్లిఫయరును తీసేసి అదే అరలో పెన్‌డ్రైవు పెట్టగానే కంప్యూటరు టంగుమని పలికింది. పాటలు చకచకా ఎక్కాయి. అంటే అర బాగానే ఉన్నది. కంప్యూటరుకు పలకరించడమూ చేతనవుతున్నది. ఇక మిగిలినవి రెండే - తీగ, పెట్టె.

పెద్దాయనకు ఇది బాగా నచ్చింది. పద్యంలో యతి చెడినప్పుడు ఆయన పిల్లలకు నేర్పిన పద్ధతి కూడా అదే. పద్యమంతా తిరగరాయవద్దు, ఒక్కొక్క గణం విడదీసి చూడు, బాగున్నదానిని పక్కకు పెట్టు, చెడినది దానంతట అదే బయటపడుతుంది. ఆయన తండ్రి మగ్గం మీద తెగిన పోగును వెతికింది కూడా ఆ విధంగానే. పడుగు మొత్తం విప్పిన నేతగాడు ఎక్కడా ఉండడు.

యు.ఎస్.బి. తీగ లోపల నాలుగు సన్నని తీగలు ఉంటాయి. రెండు విద్యుత్తుకు, రెండు మాటలకు. వెడల్పాటి పాత రకపు కొనను వెలుతురులో పట్టుకుని చూస్తే నాలుగు పసుపుపచ్చని పట్టీలు కనిపిస్తాయి. అంచులలో ఉన్న రెండు పట్టీలు కొంచెం పొడవుగా ఉంటాయి. అవి విద్యుత్తువి. గుచ్చినప్పుడు అవే ముందు తగలాలనీ, మాటలు ఆ తరువాత మొదలు కావాలనీ అలా చేశారు. తయారీలో ఎంత ముందుచూపో చూడండి. అయితే సెల్‌ఫోనుకు విద్యుత్తు నింపడానికి మాత్రమే చేసిన చవక తీగలలో మాటల తీగలు రెండూ అసలే ఉండవు. పైకి చూస్తే తేడా తెలియదు. అటువంటి తీగతో తగిలిస్తే పెట్టెకు 5 వోల్టుల విద్యుత్తు చక్కగా అందుతుంది, దీపం వెలుగుతుంది. కాని వాకిట్లో ఎవరో నిలబడ్డారన్న సంగతి కూడా కంప్యూటరుకు తెలియదు. ఎందుకంటే మాటల తీగలలో ఒకదానిపై వోల్టేజీ పెరిగితేనే అది తల ఎత్తి చూస్తుంది. పరికరంలో ఉండే 1,500 ఓముల చిన్న నిరోధకం ఆ పని చేస్తుంది. వీధి తలుపు గొళ్ళెం తట్టడమంటే అదే. మాటల తీగ లేనప్పుడు గొళ్ళెం ఎక్కడిది?

ఇంట్లో ఉన్నది అటువంటి తీగే. పూణే నుండి వచ్చిన డబ్బాలోని అసలు తీగ, పెట్టె విప్పిన నాడే ఎవరి సెల్‌ఫోనుకో వెళ్ళిపోయింది. ఆ సంగతి తరువాత తెలిసింది.

పిల్ల సొరుగులో వెతికి మరొక తీగ తీసింది. దాని మూతి వదులుగా ఉన్నది. ఈసారి కంప్యూటరు మాట్లాడింది. తగిలించిన పరికరం సరిగా పనిచేయడం లేదనీ, దానిని గుర్తుపట్టలేకపోతున్నాననీ తెర మీద రాసింది. చూసినవారికి ఇది కూడా ఓటమిగానే కనిపిస్తుంది. నిజానికి అది ముందడుగు. నిన్న తలుపు తట్టిన చప్పుడే వినపడలేదు. నేడు ఎవరో వచ్చారని తెలిసింది, చెప్పిన పేరు మాత్రం అర్థం కాలేదు. ఒకే పరికరం పలకకపోవడంలోనూ ఇన్ని రకాలు ఉంటాయి. మౌనం వేరు, తడబాటు వేరు. తెర మీది మాటలను విసుగుతో మూసేయకుండా చదివేవారికి ఈ తేడా తెలుస్తుంది.

మూడోది, పక్కింటి నుండి అడిగి తెచ్చిన పొట్టి తీగ. దానితో పేరు స్పష్టంగా తెర మీదికి వచ్చింది. పక్కన ఒక పసుపుపచ్చ ముక్కోణం, అందులో ఆశ్చర్యార్థకం. పేరు తెలిసింది గాని ఈ మనిషితో ఎలా పని చేయించుకోవాలో తెలియదని దాని అర్థం.

ఇక్కడ అసలు చిక్కు ఒకటి ఉన్నది. ధ్వని పరికరాలు కంప్యూటరుతో మాట్లాడే భాషకు కూడా వ్యాకరణం ఉన్నది. దాని మొదటి రూపం 1998లో వచ్చింది. మరింత సూక్ష్మమైన ధ్వనిని పంపడానికి వీలుగా 2006లో రెండో రూపం వచ్చింది. ఆపిల్, లైనక్స్ కంప్యూటర్లు ఆ రెండో రూపాన్ని త్వరగానే నేర్చుకున్నాయి. విండోస్ మాత్రం 2017లో వెలువడిన విండోస్ 10 సవరణతో గాని దానిని సొంతంగా నేర్చుకోలేదు. పదకొండేళ్ళ ఆలస్యం! ఈ ఇంట్లో ఉన్నది విండోస్ 7. దానికి 2020 జనవరి 14తో మైక్రోసాఫ్ట్ మామూలు సేవలు కూడా నిలిచిపోయాయి. అటువంటి కంప్యూటరుకు కొత్త భాష అర్థం కావాలంటే, యాంప్లిఫయరు తయారుచేసినవారు రాసిచ్చిన డ్రైవరు అనే దుబాసీ కార్యక్రమాన్ని ఎక్కించాలి. దుబాసీ ఉంటే మంచిదే. ఆ పెట్టె తయారీదారులు మాత్రం విండోస్ 10కు ముందటి వాటికి దుబాసీని ఇవ్వడం మానేశారు.

కుర్రవాడు చెప్పినట్టు విండోస్ 7నే మళ్ళీ ఎక్కించి ఉంటే ఏమయ్యేది? పాటలు పోయేవి. చిక్కు మాత్రం అక్కడే ఉండేది.

మనుమరాలు యాంప్లిఫయరును తిరగేసి చూసింది. అడుగున గోరంత మీట. దాని ఒక పక్క 2.0 అనీ, రెండో పక్క 1.0 అనీ చెక్కి ఉన్నది. ఇటువంటి మీట అన్నింటికీ ఉండదు. కొన్నింటికి మాత్రమే పెడతారు. పాత కంప్యూటర్లు ఎదురైతే పాత వ్యాకరణంలోనే మాట్లాడడానికి అది ఉపయోగపడుతుంది. ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ, బడిలో హిందీ, ఇంగ్లీషు మాట్లాడే పిల్లకు ఇది వివరించి చెప్పనక్కరలేదు. ఎదుటివారికి వచ్చిన భాషలోకి మారడం ఆమెకు రోజూ ఉన్న పనే. తీగ ఊడదీసి, మీటను 1.0 వైపు జరిపి, పది అంకెలు లెక్కపెట్టి మళ్ళీ గుచ్చింది. తీగ ఊడదీయకుండా మీట మార్చి ప్రయోజనం లేదు; పరిచయాలు జరిగేది తగిలించినప్పుడే గదా. పసుపు ముక్కోణం పోయింది. పాత వ్యాకరణంలో పంపగలిగే ధ్వనికి ఒక హద్దు ఉన్నమాట నిజమే. కాని 1986 నాటి చిన్న టేపురికార్డరు పట్టిన పాటకు ఆ హద్దుతో పని లేదు. సెకనుకు 44,100 సార్లు కొలిచిన ధ్వనిని పాత వ్యాకరణం హాయిగా మోస్తుంది.

అయినా హెడ్‌ఫోనులో చప్పుడు లేదు! పాట ఇంకా కంప్యూటరు పక్కనున్న స్పీకర్లలోనే మోగుతున్నది. కొత్తవాడు ఇంట్లోకి వచ్చినంత మాత్రాన పాతవాడి పని వాడికి అప్పగించరు గదా. ధ్వని అమరికలలో ఈ కొత్త పెట్టెను ఎంచుకుని, దీని ద్వారానే వినిపించు అని చెప్పాలి. అది అరనిమిషం పని. కాని దీని దగ్గరే ఆగిపోయి పెట్టె చెడిపోయిందని తిరిగి పంపేసేవారు ఉన్నారు.

హెడ్‌ఫోను తలకు తగిలించుకున్న పెద్దాయన కళ్ళు మూసుకున్నారు. ముప్పై ఎనిమిదో పుట పాట. పాడుతున్నది ఆయన మేనత్త. ఆమె ఊపిరి పీల్చడం, మధ్యలో దగ్గడం, వెనుక ఎవరో బిందె దించిన చప్పుడు, అన్నీ వినిపిస్తున్నాయి. నోటుపుస్తకంలో ఆ పాట రెండో చరణం దగ్గర "ఆకు" అని రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టి ఉన్నది. ఏళ్ళ తరబడి తీరని సందేహం అది. ఆకు అంటే తమలపాకు కావచ్చు. అర్థం కుదురుతున్నట్టే ఉంటుంది, కుదరనట్టూ ఉంటుంది.

ఆయన ఆ చోటును నాలుగుసార్లు విన్నారు. "ఆకే" అన్నారు. హెడ్‌ఫోను తీసి పిల్లకు ఇచ్చారు.

పిల్ల ఒక్కసారే విన్నది. "ఆకు కాదు తాతా. ఆసు. స వినబడుతున్నది."

క పలికేటప్పుడు నాలుక వెనుక భాగం గాలిని క్షణకాలం మూసి వదులుతుంది. స పలికేటప్పుడు గాలి సన్నగా బుసకొడుతుంది. ఆ బుసలో ఎక్కువ పాలు సెకనుకు 4,000 కంపనాలను మించిన ధ్వనులు. క్యాసెట్టు టేపుకు సహజంగా ఉండే బుసకూడా ఆ స్థాయిలోనే ఎక్కువగా చెవికి తగులుతుంది. అందుకని పాత టేపులలో స ఆ బుసలో కలిసిపోతుంది. యాంప్లిఫయరు పాటను పెంచినంతగానూ బుసను పెంచుతుంది. టేపులోని బుసను తీసివేయడం దానికి చేతకాదు. అది తీసివేయగలిగింది కంప్యూటరు లోపలి రొదను మాత్రమే. ఇక, వయసుతో పాటు మనిషి చెవికి ముందుగా దూరమయ్యేవి ఆ సన్నని ధ్వనులే. డెబ్బై దాటిన చెవికి అందని స, పద్నాలుగేళ్ళ చెవికి అందింది.

"ఆసు అంటే ఏంది తాతా?"

ఆమెకు ఆ మాట తెలియదు. షోలాపూర్ మగ్గాల మీద దుప్పట్లు, తువాళ్ళు నేస్తారు. అక్కడ ఆ పని లేదు. నల్లగొండ వైపు చీరల నేతలో, నూలుకు ముడులు కట్టి రంగులు అద్దడానికి ముందు, పేక నూలును మేకుల వరుస మీద ఇటునుంచి అటు, అటునుంచి ఇటు వేల సార్లు తిప్పి పోస్తారు. దానినే ఆసు పోయడం అంటారు. ఎక్కువగా ఆడవారు చేసే పని. ఎంతసేపు చేసినా తరగదు, భుజాలు పట్టేస్తాయి. చింతకింది మల్లేశం తన తల్లి పడే ఆ బాధ చూడలేక ఏళ్ళ తరబడి శ్రమించి ఆసు యంత్రం తయారుచేశాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. పెద్దాయన ఇవన్నీ చెబుతూనే చేతిని గాలిలో అర్ధచంద్రాకారంగా అటూ ఇటూ తిప్పి చూపించారు. ఆయన మేనత్త అలా తిప్పగా ఆయన చూడలేదు. ఆమె షోలాపూర్ వచ్చేనాటికే ఆ పని మానేసింది. పాటలో మాత్రం ఉంచుకున్నది.

ఆయన పెన్సిలు తీసి "ఆకు"లోని కు కొట్టివేసి సు రాశారు. ప్రశ్నార్థకాన్ని మాత్రం చెరపలేదు.

"ఇంకా ఎందుకు తాతా అది?"

"ఒక చెవి విన్నది చాలదు బిడ్డా. ఇదే పాట మీ ముత్తవ్వ కూడా పాడింది. ఏడో క్యాసెట్టులో ఉన్నది."

ఏడో క్యాసెట్టు ఇంకా కంప్యూటరులోకి ఎక్కలేదు. పిల్ల లేచి అటక మీది టేపురికార్డరు దించడానికి బల్ల జరిపింది.